రోస్టర్ లేని ఆసుపత్రి ఎవరిది?

ఆంధ్రప్రదేశ్‌లో పది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను పీపీపీ విధానంలో ప్రైవేటు భాగస్వాములకు అప్పగించాలని రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో నిర్ణయించింది. అప్పటి నుంచి చర్చంతా రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది. పేద విద్యార్థికి సీటు దొరుకుతుందా? పేద రోగికి ఉచిత వైద్యం అందుతుందా? రెండూ అడగాల్సిన ప్రశ్నలే. కానీ మూడో ప్రశ్నను గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. ఆ ఆసుపత్రిలో పనిచేసేదెవరు? వాళ్లను ఎవరు, ఏ నిబంధన ప్రకారం నియమిస్తారు?

నేను విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదువుకున్నవాడిని. మా పాఠాల్లో ప్రభుత్వం అంటే పన్నులు వసూలు చేసేది, ఖర్చు పెట్టేది, నియంత్రించేది. దళిత వాడలో పెరిగినవాళ్లకు ప్రభుత్వం అంటే అంతకంటే దగ్గరి విషయం. అది కులం అడ్డుపడకుండా ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత రాజ్యాంగపరంగా ఉన్న ఒకే ఒక్క యజమాని. ఒక జిల్లా ఆసుపత్రిని కేవలం రోగి కళ్లతో చూస్తే ఈ సగం కథ కనిపించదు.

ఆసుపత్రి అంటే డాక్టర్లు మాత్రమే కాదు. స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, రేడియోగ్రాఫర్, జూనియర్ అసిస్టెంటు, వార్డు బాయ్, ఆయా, స్వీపర్, వంటమనిషి, డ్రైవరు. మంజూరైన పోస్టును ప్రభుత్వం నేరుగా భర్తీ చేస్తే అది రోస్టర్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. ఏ పాయింటు ఎస్సీకి, ఏది ఎస్టీకి, ఏది బీసీకి, ఏది మహిళకు అన్నది ముందే రాసి ఉంటుంది. అధికారి తప్పు చేస్తే సమాచార హక్కు కింద రిజిస్టర్ అడగొచ్చు, ఎస్సీ కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, హైకోర్టుకు వెళ్లొచ్చు. 16(4) అధికరణం నేల మీద కనిపించేది ఆ రిజిస్టర్‌లోనే.

అదే ఆసుపత్రిని ప్రైవేటు భాగస్వామి నడిపితే రిజిస్టరే ఉండదు. 16వ అధికరణం రాజ్యం కింద ఉండే ఉద్యోగాలకే వర్తిస్తుంది. 93వ సవరణ ద్వారా వచ్చిన 15(5) అధికరణం ప్రైవేటు విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్లకు చట్టం చేసే వీలు కల్పించింది. ప్రైవేటు ఉద్యోగాలకు అలాంటి అధికరణం లేదు. అంటే ఒప్పందంలో కన్వీనర్ కోటా సీట్లను ఎంత జాగ్రత్తగా కాపాడినా, పక్క భవనంలోని వందలాది ఉద్యోగాలు సామాజిక న్యాయం పరిధి నుంచి చప్పుడు లేకుండా జారిపోతాయి. ఇందుకు ఏ రిజర్వేషన్‌నూ రద్దు చేయక్కర్లేదు, అది వర్తించే చోటును తీసేస్తే చాలు.

ఇది పీపీపీతో మొదలైంది కాదు. మా పెదనాన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో వార్డు బాయ్‌గా శాశ్వత ఉద్యోగం చేశాడు. చిన్న జీతమే. కానీ ఇంక్రిమెంటు ఉండేది, రిటైరయ్యాక పెన్షన్ వచ్చింది. ఆ జీతం సర్టిఫికెట్ చూపించే మా అక్కల చదువుకు బ్యాంకులో అప్పు దొరికింది. తర్వాత మా అమ్మ మరో ఆసుపత్రిలో పారిశుద్ధ్య కార్మికురాలిగా చేరింది. ఏజెన్సీ కింద. ఊడ్చే వార్డు, మోసే రక్తపు గుడ్డలు, రాత్రి డ్యూటీ, అన్నీ శాశ్వత ఉద్యోగి చేసేవే. కాంట్రాక్టరు మారినప్పుడల్లా చీర రంగు మారేది, సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. జీతం రెండు మూడు నెలలు ఆగితే సూపరింటెండెంట్ ఏజెన్సీని అడగమనేవారు, ఏజెన్సీ బిల్లు రాలేదనేది. ఆమెకు యజమాని ఎవరో తేల్చి చెప్పే కాగితం ఒక్కటీ మా ఇంట్లో లేదు. ఇద్దరిదీ ఒకే కులం, ఒకే పని. తేడా అంతా ప్రభుత్వం యజమానిగా ఉందా, తప్పుకుందా అన్నదే.

చట్టం ఈ తేడాను ఎలా చూస్తుందో గమనించండి. 45 రోజులు, అంతకు మించి ఉండే తాత్కాలిక నియామకాల్లోనూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు పాటించాలని కేంద్రం తన శాఖలకు 2022లో మళ్లీ చెప్పింది. ఔట్‌సోర్సింగ్‌లో అసలు నియామకమే లేదు, సేవల కొనుగోలు మాత్రమే ఉంది. ఫినాయిల్ కొన్నట్టే మనిషి శ్రమనూ టెండరులో కొంటారు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. అయితే అంతకు పదేళ్ల ముందే, 2006 ఉమాదేవి తీర్పు తాత్కాలిక ఉద్యోగుల క్రమబద్ధీకరణ దారిని బాగా ఇరుకు చేసింది. ఏజెన్సీ కార్మికురాలు ఈ రెండు తీర్పుల మధ్య ఎక్కడా నిలబడలేదు. శాశ్వత పోస్టుల్లోని రిజర్వేషన్ కిందిమెట్టు వరకూ ఒక నిచ్చెన వేసింది. ఔట్‌సోర్సింగ్ ఆ నిచ్చెన తీసేసి, చీపురును మాత్రం పాత కులాల చేతుల్లోనే ఉంచింది.

బాబాసాహెబ్ దీన్ని ముందే ఊహించారు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్నప్పుడు కార్మికుల ఆరోగ్యాన్ని దానధర్మంగా కాక హక్కుగా చూశారు. ఆయన హయాంలోనే 1944లో అదార్కర్ నివేదిక వచ్చింది. 1948 నాటి ఈఎస్ఐ చట్టానికి పునాది అదే. 1947లో షెడ్యూల్డ్ కులాల సమాఖ్య తరఫున రాజ్యాంగ సభకు ఇచ్చిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో మరింత ముందుకు వెళ్లారు. కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలి, బీమా రాజ్యం గుత్తాధిపత్యం కావాలి, ప్రతి వయోజనుడికీ బీమా తప్పనిసరి కావాలి అన్నారు. ప్రభుత్వ జోక్యం లేకపోతే స్వేచ్ఛ ఉంటుందనే వాదాన్ని ఆయన అక్కడే నిలదీశారు. ఆ స్వేచ్ఛ భూస్వామికి కౌలు పెంచడానికి, పెట్టుబడిదారుకు జీతం తగ్గించడానికి దక్కే స్వేచ్ఛ అని తేల్చారు. ఉద్యోగం లేనివాడు బతుకు కోసం తన ప్రాథమిక హక్కులనే వదులుకోవాల్సి వస్తుందని వివరించారు.

అయితే ఆయన రాజ్యాన్ని పూజించలేదు. ఈ ఆర్థిక నిర్మాణాన్ని మామూలు చట్టంలో కాక రాజ్యాంగంలోనే రాయాలని పట్టుబట్టారు. మామూలు చట్టాన్ని రేపటి మెజారిటీ మార్చేయగలదు. రాజ్యాంగ సభ ఆ భాగాన్ని తీసుకోలేదు. పని హక్కు 41వ అధికరణంలోనూ, ప్రజారోగ్యం 47లోనూ ఆదేశిక సూత్రాలుగా మిగిలాయి. కోర్టు ద్వారా అమలు చేయించుకునే వీలు లేదు. అందుకే ఒక మంత్రివర్గ సమావేశం చాలు, పది ఆసుపత్రుల స్వభావం మారిపోవడానికి.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అని అంటారు. 2007లో మొదలైన ఆ పథకం గుండె ఆపరేషన్లను పేదల దాకా తెచ్చిందన్నది నిజం. 2018లో ఆయుష్మాన్ భారత్ ఐదు లక్షల బీమాతో దేశమంతా అదే దారి పట్టింది. కానీ ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికి. నెలనెలా బీపీ, షుగర్ మాత్రలకూ, జ్వరానికీ, రక్త పరీక్షలకూ డబ్బు జేబులోంచే పోతుంది. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశ మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజల జేబుల్లోంచే వచ్చింది. ప్రభుత్వ వ్యయం జీడీపీలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న లక్ష్యం కాగితం మీదే ఉండిపోయింది. 2025లో బకాయిల పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. అప్పుడు రోగికి మిగిలింది ప్రభుత్వ ఆసుపత్రే. దాన్ని కూడా అప్పగించాక మిగిలేదేంటి?

దీన్ని ఒక్క పార్టీ పాపంగా చూపితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. గత ప్రభుత్వం 2023లో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లోనే సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు తెచ్చింది. ఏడాదికి 12 లక్షలు, ఎన్ఆర్ఐ కోటాకు 20 లక్షలు. ప్రభుత్వ బోర్డు కింద ప్రైవేటు ఫీజు. ఒకరు తలుపు తీశారు, ఇంకొకరు ఇంటినే అప్పగిస్తున్నారు. రెండు జెండాల కిందా మన ఓట్లున్నాయి.

ఖజానాలో డబ్బు లేదన్నది మూడో వాదన. భూమి ప్రజలది. కొన్ని చోట్ల కట్టడాలు ఇప్పటికే లేచాయి. ఉచిత చికిత్సకు బిల్లు కట్టేదీ చివరికి ఖజానానే. డబ్బు ఎలాగూ ప్రజలదైనప్పుడు అజమాయిషీ మాత్రం ఇంకొకరికి ఎందుకు? ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిర్లక్ష్యం ఉంది, కులం ఉంది, లంచం ఉంది. నేను కాదనను. కానీ ప్రభుత్వ నిర్వహణ అంటేనే వైఫల్యం కాదు. తమిళనాడు 1994లో పెట్టిన ప్రభుత్వ వైద్య సేవల కార్పొరేషన్ మందులను టోకుగా కొని ఆసుపత్రులకు చేరవేస్తూ మూడు దశాబ్దాలుగా ఇతర రాష్ట్రాలకు నమూనాగా నిలిచింది. పైగా ప్రభుత్వ ఆసుపత్రిలో వివక్ష జరిగితే ప్రశ్నించడానికి నాకు రాజ్యాంగం ఉంది. కార్పొరేట్ ఆసుపత్రిలో ఉద్యోగం ఇవ్వకపోతే ‘సూట్ కాలేదు’ అన్న మాట తప్ప ఇంకేం మిగలదు.

మనం అడగాల్సినవి మూడున్నాయి. పీపీపీ ఒప్పందాలను, వాటి కింద వచ్చే ఉద్యోగాల సంఖ్యను బహిరంగపరచాలి. ప్రభుత్వ భూమి, ప్రభుత్వ సొమ్ము ఉన్న చోట ఎవరు నడిపినా రోస్టర్ పాటించాలని చట్టం తేవాలి. ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఉండే పనికి ఏజెన్సీ ఉండకూడదు. పారిశుద్ధ్యంతో సహా శాశ్వత పోస్టులు మంజూరు చేయాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మన పోరాటాలు ఎక్కువగా సీట్ల దగ్గర, స్కాలర్‌షిప్‌ల దగ్గర ఆగిపోతున్నాయి. డిగ్రీ చేతికొచ్చే నాటికి పోస్టే లేకపోతే ఆ సీటు దేనికి? మీ జిల్లా ఆసుపత్రికి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఏజెన్సీ కింద ఎందరు, రోస్టర్ రిజిస్టర్ చివరిసారి ఎప్పుడు రాశారు? ఈ నాలుగు జవాబులూ మన చేతిలో ఉంటే వాదన మనది అవుతుంది. జై భీమ్.