ఒంటరి నావికుఁడు

దక్షిణ హిందూ మహాసముద్రమున వాయవ్యపు గాలి యకస్మాత్తుగ నైరృతికి మరలును. పాత తరంగము లణఁగకముందే క్రొత్తవి యడ్డముగా లేచును. ఒంటరి నావికునకు ఆ సంధికాలమే గండము. 2018 సెప్టెంబరులో మన నౌకాదళాధికారి అభిలాష్ టామీ నావకు అచ్చటి తుపానులో స్తంభము విఱిగెను. ఆయన వెన్నెముకకు గాయమయ్యెను. మూడవనాఁడు ఫ్రెంచి యోడ యొకటి యాయనను రక్షించెను. అయినను 2022లో మరల బయలుదేఱి, ఆ సముద్రమునే దాఁటి, 2023 ఏప్రిలులో భూప్రదక్షిణపు పందెమున ద్వితీయ స్థానము నందెను.

ఇది మూర్ఖసాహస మనువారు కలరు. మే మట్లు తలంపము. గాలి మరలుట యెవరి యధీనమును గాదు. భారమితిని గనిపెట్టి, వేళ యెఱిఁగి తెరచాప తగ్గించుట నావికుని యధీనము. ఆ విద్యను మన తీరపు యువకులకు నేర్పుటయే, సన్మానసభలకంటె, ఆయనకు నిజమైన గౌరవము.