మూడు రోజుల విలువ, ఐదేళ్ల మౌనం

బేతంచెర్లలో నాపరాయి పాలిష్ యూనిట్ల దగ్గర, టీ అంగళ్ల దగ్గర ఈమధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. "ఈసారి ఎవరికీ మెజారిటీ రాకుంటే మన పంట పండినట్లే. మనవాళ్లు ఒకరిద్దరు గెలిస్తే చాలు, చైర్మన్ ఎవరో మనమే తేలుస్తాం" అని మన యువకులు అంటున్నారు. వారి ఉత్సాహాన్ని మేము గౌరవిస్తాము. కాని ఆ ఆశ మనలను మోసగిస్తుందని చెప్పకుండా ఉండలేకపోతున్నాము.

2021 నవంబరులో జరిగిన ఎన్నికలలో మన నగర పంచాయతీలోని 20 వార్డులలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 14, తెలుగుదేశానికి 6 వచ్చాయి. లెక్కలో సందిగ్ధం లేదు. రేపు ఒక పక్షానికి 10, రెండవదానికి 9 వచ్చి, మిగిలిన ఒక్క వార్డులో మన సోదరుడు స్వతంత్రుడిగా గెలిచాడనుకుందాము. డోన్ శాసనసభ్యునికీ, నంద్యాల పార్లమెంటు సభ్యునికీ ఎక్స్ అఫీషియో హోదాలో ఇక్కడ ఓటు ఉండవచ్చు. ఆ రెండు ఓట్లూ తొమ్మిదితో కలిస్తే పదకొండు. మనవాడు పదితో కలిస్తే అటూ పదకొండే. అప్పుడిక చీటీ తీయవలసిందే. తొమ్మిదితో కలిస్తే చైర్మన్ పీఠం వారిదే. ఆ రాత్రి నుంచి మనవాడి ఇంటి ముందు కార్లు ఆగుతాయి. మూడు రోజులు ఆయనంత విలువైన మనిషి ఊరిలో ఉండడు. నాలుగవ రోజున ఆయన వార్డు మురుగు కాలువ ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది.

ఇది ఊహ మాత్రమే అనుకునేవారు మన రాష్ట్రంలో జరిగినవి గుర్తు చేసుకోవాలి. 2021 మార్చిలో మన పొరుగు జిల్లాలోని మైదుకూరులో 24 వార్డులకు తెలుగుదేశం 12, వైఎస్సార్ కాంగ్రెస్ 11, జనసేన 1 గెలిచాయి. చైర్మన్ ఎన్నిక నాడు తెలుగుదేశం సభ్యులలో ఒకరు రాలేదు, జనసేన సభ్యుడూ రాలేదు. శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుల ఓట్లతో 11 కాస్తా 13 అయి, రెండవ స్థానంలో నిలిచిన పక్షం పీఠమెక్కింది. అదే నెలలో తాడిపత్రిలో 36 వార్డులకు తెలుగుదేశం 18, వైఎస్సార్ కాంగ్రెస్ 16 గెలువగా, సీపీఐ సభ్యుడు ఒకరు, స్వతంత్రుడు ఒకరు కలిసి తెలుగుదేశాన్ని గట్టెక్కించారు. నవంబరులో కొండపల్లిలో 29 వార్డులకు ఇరుపక్షాలకూ చెరి 14 వచ్చాయి. గెలిచిన ఒక్క స్వతంత్ర సభ్యురాలు తెలుగుదేశంలో చేరారు. ఎన్నిక గొడవలతో వాయిదా పడింది. హైకోర్టు జోక్యంతో జరిగింది. పార్లమెంటు సభ్యుని ఓటు చెల్లుతుందా, చెల్లదా అన్న వివాదంలో ఫలితం ఏళ్ల తరబడి ప్రకటనకు నోచుకోలేదు. వరుసలో నిలబడి ఓటు వేసినవారికి చైర్మన్ ఎవరో తెలియడానికి న్యాయస్థానం వైపు చూడవలసి వచ్చింది.

ఈ లెక్కలలో ముస్లింల పాత్ర ఎంత సన్నని దారం మీద వేలాడుతుందో దుగ్గిరాల మండల పరిషత్తు చూపింది. అక్కడ 18 స్థానాలలో తెలుగుదేశం 9, వైఎస్సార్ కాంగ్రెస్ 8, జనసేన 1 గెలిచాయి. అధ్యక్ష పదవి వెనుకబడిన తరగతుల మహిళకు రిజర్వు అయింది. తెలుగుదేశం నుంచి ఆ పదవికి నిలువదగినవారు చిలువూరు నుంచి గెలిచిన ఒక ముస్లిం సోదరి. ఆమెకు బీసీ-ఈ ధ్రువపత్రం దక్కలేదు. కోరం లేక ఎన్నిక పలుమార్లు వాయిదా పడి, 2022 మేలో ఎనిమిది స్థానాల పక్షానికే పదవి దక్కింది. ఒకవైపు వారికి ఆమె ధ్రువపత్రం అడ్డంకి, మరొకవైపు వారికి అవకాశం. ఆమెను గెలిపించిన ఊరికి ఏమి కావాలన్న ప్రశ్న ఈ రెండింటి నడుమ ఎవరికీ గుర్తు రాలేదు.

"హంగ్ వద్దు సరే, ఒకే పార్టీకి తిరుగులేని మెజారిటీ ఇస్తే స్థిరంగా ఉంటుంది కదా" అని పెద్దలు కొందరు అంటారు. ఆ మాటలోనూ పూర్తి నిజం లేదు. మహావిశాఖ నగరపాలక సంస్థలో 2021లో 98 వార్డులకు వైఎస్సార్ కాంగ్రెస్ 58 గెలిచింది. 2024లో రాష్ట్రంలో అధికారం మారింది. మేయరుపై అవిశ్వాసానికి అడ్డుగా ఉన్న నాలుగేళ్ల గడువు తీరగానే, 2025 ఏప్రిల్ 19న 74 ఓట్లతో ఆమెను దించివేశారు. ఓటరు మనసు మారిందా అని ఎవరూ అడగలేదు. మారినది సభ్యుల కండువాలు. 1985లో రాజ్యాంగంలో చేర్చిన ఫిరాయింపుల నిషేధం పార్లమెంటుకూ, శాసనసభలకూ వర్తిస్తుంది గాని, మన వార్డు సభ్యునికి వర్తించదు. కాబట్టి మెజారిటీ ఉన్నా, లేకున్నా అస్థిరత ఒక్కటే. మాటకు కట్టుబడని సభ్యులు ఉన్న సభ ఏ సంఖ్యతోనూ నిలువదు.

కో-ఆప్షన్ సభ్యత్వం చూపి సంతోషపడేవారూ మనలో ఉన్నారు. మైనారిటీల పేరిట కౌన్సిలులో కుర్చీ ఇస్తారు; శాలువా కప్పుతారు; ఫొటో తీస్తారు. ఆ కుర్చీకి ఓటు లేదు. 74వ రాజ్యాంగ సవరణ దళితులకు, గిరిజనులకు, మహిళలకు వార్డులను కేటాయించింది, మనకు కేటాయించలేదు. ఆ లోటుకు బదులుగా దొరికిన ఈ ఓటు లేని కుర్చీ కోసం మనలో మనమే ముఠాలు కట్టి, ఒక పార్టీ పెద్ద వాకిట్లో ఒకరిపై ఒకరు చాడీలు చెప్పుకోవడం సిగ్గుచేటు.

హైదరాబాదు అనుభవం కూడా చూద్దాము. 2009లో మహానగరపాలక సంస్థలో కాంగ్రెస్‌కు 52, తెలుగుదేశానికి 45, మజ్లిస్‌కు 43 స్థానాలు వచ్చాయి. కాంగ్రెస్, మజ్లిస్ మేయర్ పదవిని పంచుకున్నాయి. బండ కార్తీకరెడ్డి తరువాత 2012 జనవరిలో మాజిద్ హుస్సేన్ మేయర్ అయ్యారు. 2020 ఎన్నికలలో మజ్లిస్ 44 గెలిచినా, 2021 ఫిబ్రవరిలో టీఆర్ఎస్ మేయర్‌కు ఓటు వేసింది. మేయర్, డిప్యూటీ మేయర్ పదవులు రెండూ టీఆర్ఎస్‌కే పోయాయి. ముందుగా ఒప్పుకున్న షరతు ఉన్నప్పుడు ఎదుటి పక్షం మాట నిలుపుకోక తప్పలేదని మొదటి ఘట్టం చెబుతుంది. నలభైకి పైగా సభ్యులున్న పక్షానికే షరతు అవసరమైనప్పుడు, ఒకరిద్దరు సభ్యులున్న మనం షరతు లేకుండా మద్దతు ఇవ్వడం ఏ పాటి వివేకం? అయితే మనం అడగవలసినది పదవి కాదు, పని.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాలుగా జీవితమంతా ఫైళ్లు మోసినవాళ్లము మేము. కాగితం మీద లేని వాగ్దానానికి ఎంత విలువ ఉంటుందో మాకు బాగా తెలుసు. అందుకే ఈ సూచనలు చేస్తున్నాము.

ఎన్నికలకు ముందే మొహల్లావారీగా సమావేశమై పనుల జాబితా రాసుకోవాలి. ఖబరస్తాన్ ప్రహరీ, తాగునీటి కుళాయి, మురుగు కాలువ, ఉర్దూ పాఠశాల మరుగుదొడ్డి, పాలిష్ యూనిట్ల రాతిపొడి ఇళ్లలోకి రాకుండా ఏర్పాటు. ఏ పని ఏ సంవత్సరపు బడ్జెట్‌లో చేరాలో కూడా రాయాలి. ఆ రాతిపొడి మన ఊపిరితిత్తులనే వెతుక్కుంటూ రాదు. పక్క వీధి దళితులు, బోయలు పీల్చేదీ అదే. కాబట్టి జాబితాలో వారి సంతకాలూ ఉండాలి.

గెలిచిన మన సభ్యుడు మద్దతు ఇవ్వదలిస్తే, ఆ జాబితాపై చైర్మన్ అభ్యర్థి సంతకం తీసుకొని, నలుగురి ముందు చదివి వినిపించిన తరువాతే ఇవ్వాలి. క్యాంపులకు పోరాదు. బస్సెక్కి హోటలులో దాక్కునే సభ్యుడు తన వార్డును కూడా అమ్మకానికి పెట్టినట్లే. తరువాత ప్రతి సమావేశపు మినిట్స్ నకలును 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తెచ్చి చదవాలి. ఇది కష్టమైన పని కాదు. ఓపిక కావలసిన పని.

"ఇన్ని షరతులు పెడితే మనతో ఎవరు కలుస్తారు?" అని అడుగుతారు. ఒక్క ఓటు తక్కువైన పక్షం తప్పక వస్తుంది. మురుగు కాలువకు సంతకం పెట్టలేక వెనుదిరిగితే, దాని స్నేహం ఎంతటిదో ముందే తెలిసినందుకు సంతోషిద్దాము.

తప్పు పార్టీలదే అని చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఓటుకు నోటు తీసుకున్న చేయి సభ్యుని నిలదీయలేదు. "మనవాడు" అన్న ఒక్క కారణంతో ఓటు వేసి, ఐదేళ్లు మౌనంగా ఉన్నది మనమే. దివ్య ఖుర్ఆన్‌లో షూరా పేరిట ఒక అధ్యాయమే ఉన్నది. కలిసి ఆలోచించి వ్యవహారాలు నడుపుకోవడం విశ్వాసుల లక్షణమని మనం పిల్లలకు చెబుతాము. ఆ ఆలోచన హోటలు గదిలో తలుపు మూసుకొని చేసేది కాదు. ఓటు మన చేతిలోని అమానత్. దానిని అప్పగించే ముందు కాగితం అడుగుదాము. ఈసారి మీ గడప తొక్కిన అభ్యర్థిని ఏ పార్టీ అని కాక, ఒక్క ప్రశ్న అడగండి: "గెలిచిన రాత్రి నువ్వు ఎక్కడ ఉంటావు, మా వార్డులోనా, వాళ్ల బస్సులోనా?"