పిల్లల మానసిక ఆరోగ్య శిక్షణల్లో తల్లిదండ్రులను సహశిక్షకులుగా తీసుకోవాలని వినతిపత్రం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వైద్య ఆరోగ్య, పాఠశాల విద్య, మహిళా శిశు సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల తల్లిదండ్రులం గౌరవపూర్వకంగా విన్నవించుకునేది.

మాలో ఆటిజం ఉన్న పిల్లల తల్లులున్నారు. ‘అల్లరి పిల్లాడు’ అని బడి నుంచి పదేపదే కబురందుకుని, అది ఏడీహెచ్‌డీ అని చాలా ఆలస్యంగా తెలుసుకున్న తండ్రులున్నారు. ఇంటర్ హాస్టల్లో చేరిన కూతురు నవ్వడం, తినడం మానేసి ఇంటికి తిరిగొస్తే కాపు కాస్తున్నవాళ్లున్నారు. కొత్త ఆసుపత్రి కావాలని అడగడానికి మేం రాలేదు. అదీ కావాలి గానీ, దానికి వేరే అర్జీ పెట్టుకుంటాం. ఇక్కడ ప్రధానంగా అడుగుతున్నది ఒకటే. టీచర్లకు, ఆశాలకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, కౌన్సెలర్లకు పిల్లల మానసిక ఆరోగ్యం మీద మీరు ఇప్పించే ప్రతి శిక్షణలోనూ నిపుణుడి పక్కన ఒక తల్లో తండ్రో నిలబడి పాఠం చెప్పాలి.

ఇది కొత్తగా పుట్టించిన కోరిక కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పిల్లల మానసిక ఆరోగ్య సేవలను ప్రభుత్వం అందించి తీరాల్సిన సేవల్లో చేర్చింది. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో సంరక్షకుల ప్రతినిధులకు చోటిచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 47వ సెక్షన్ కుటుంబాలకూ సంరక్షకులకూ శిక్షణ ఇవ్వాలంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. కమిటీల్లో మా పేర్లున్నాయి, హాజరు పట్టీల్లో మా సంతకాలున్నాయి. పాఠం చెప్పేచోట మాత్రం మేం కనిపించం.

2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. అంతమందిని ఒక్కరోజున బళ్లకు రప్పించడం చిన్న పని కాదు, ఒప్పుకుంటాం. ఆ బడి ఆవరణలోనే ఒక గంటసేపు, ఒక తల్లి తోటి తల్లులతో ‘మీ పిల్లాడు నెల రోజులుగా అన్నం సరిగా తినకపోతే, స్నేహితుల్ని తప్పించుకు తిరుగుతుంటే ఏం చేయాలి’ అని మాట్లాడితే ఎంత బాగుండేది! మార్కుల ఒత్తిడి కొంత ఇంట్లోనే మొదలవుతుందన్నది నిజం. ఆ మాట వేదిక మీద నుంచి అధికారి అంటే తల్లిదండ్రులు తల దించుకుంటారు. అదే అనుభవం ఉన్న తండ్రి చెబితే వింటారు, ఎదురు ప్రశ్న కూడా వేస్తారు.

సహశిక్షణ అంటే మా ఉద్దేశం ఏమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేలిగ్గా పక్కదారి పట్టే పని ఇది. నిపుణుడు రెండు గంటలు చెప్పాక ‘ఇప్పుడు ఒక తల్లి తన బాధ పంచుకుంటారు’ అని మైకివ్వడం సహశిక్షణ కాదు. మమ్మల్ని ఏడిపించి చప్పట్లు కొట్టే కార్యక్రమాలు మాకొద్దు. పాఠ్య ప్రణాళిక రాసే రోజు నుంచే ఇద్దరూ కలిసి కూర్చోవాలి. జబ్బు లక్షణాలు, మందుల సంగతి నిపుణుడు చెబుతాడు. ఓపీలో పది నిమిషాలు బుద్ధిగా కూర్చున్న పిల్లాడు ఇంటికెళ్లాక ఎలా ఉంటాడో, మందు మార్చిన వారంలో క్లాసులో ఎందుకు తూగుతాడో, బడి గంట మోగితే ఆటిజం ఉన్న పాప చెవులు ఎందుకు మూసుకుంటుందో తల్లి చెబుతుంది. ‘మీ పెంపకంలోనే ఏదో తేడా ఉంది’ అనే ఒక్క మాటతో ఒక కుటుంబం మళ్లీ ఆసుపత్రి గడప తొక్కకుండా ఎలా పోతుందో కూడా చెబుతుంది. ‘మీ బాబును ఒకసారి డాక్టరుకు చూపిద్దామమ్మా’ అనే మొదటి మాట ఎలా అనాలో టీచర్ల చేత అక్కడికక్కడే అనిపించి చూడాలి. ఆ మాట వినడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఎదురుగా ఉంటేనే ఆ అభ్యాసానికి అర్థం.

కష్టపడ్డ ప్రతి ఒక్కరూ పాఠం చెప్పగలరని మేం అనడం లేదు. అందుకే మొదట మాకూ శిక్షణ కావాలి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ పక్క రాష్ట్రంలోనే ఉంది, దాని సాయం తీసుకోవచ్చు. ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లల కుటుంబాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 బృంద తరగతులు, 3 ఇంటి సందర్శనలతో ఒక శిక్షణ రూపొందించింది. స్పెషలిస్టులు కానివారు కూడా నడపగలిగేలా తయారైంది కాబట్టి మండల స్థాయిలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రాల దగ్గరే దాన్ని మొదలుపెట్టవచ్చు.

ఇంకో విషయం సొమ్ము గురించి, మొహమాటం లేకుండా. శిక్షణకు వచ్చే తల్లి ఆ రోజు కూలి వదులుకుని వస్తుంది. పిల్లాణ్ని చూసే మనిషిని పెట్టుకుని వస్తుంది. మిగతా రిసోర్స్ పర్సన్లకిచ్చే గౌరవ వేతనం, ప్రయాణ భత్యం ఆమెకూ అదే లెక్కన ఇవ్వాలి. శాలువా కప్పి పంపితే సరిపోదు.

ఇప్పుడే ఎందుకంటారా? విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ కేసులో దేశం మొత్తానికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. విద్యాసంస్థల సిబ్బందందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్య శిక్షణ ఇవ్వాలని, తల్లిదండ్రులకు అవగాహన కార్యక్రమాలు క్రమం తప్పకుండా పెట్టాలని, జిల్లాల్లో కలెక్టర్ల అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీలు ఉండాలని చెప్పింది. సిబ్బందికి శిక్షణ అర్హత గల నిపుణులే ఇవ్వాలంది. మేం కాదనడం లేదు. వారి పక్కన నిలబడతామంటున్నాం. ఒక తండ్రి పోరాటంతో వచ్చిన మార్గదర్శకాలు ఇవి. వాటి అమలులో తల్లిదండ్రులు శ్రోతలుగానే మిగిలిపోతే అది అన్యాయం.

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో 13–17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నట్టు లెక్క తేల్చింది. అంటే 40 మంది ఉన్న క్లాసులో ఇద్దరు ముగ్గురు.

పాడేరు ఏజెన్సీ గురించి ప్రత్యేకంగా మనవి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లకు తెలుగు కరపత్రం చేరినా ఏం లాభం? అక్కడ సహశిక్షకులు ఆ భాషలు మాట్లాడే తల్లిదండ్రులే కావాలి. ఏజెన్సీలో ఈ శిక్షణను ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఆశ్రమ పాఠశాలల వార్డెన్లు, ఆయాల నుంచే మొదలుపెట్టాలి, రాత్రిపూట పిల్లల దగ్గర ఉండేది వాళ్లే కనుక.

పిల్లల గోప్యతకు భంగం రాకూడదు. శిక్షణలో ఏ పిల్లాడి పేరు, ఫొటో, బడి పేరు చెప్పకూడదు. పెద్ద పిల్లల అనుభవం చెప్పాలంటే ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి. దీనితోపాటు డీఈఐసీ (పిల్లల సమస్యలను తొలిదశలోనే గుర్తించే జిల్లా కేంద్రం), భవిత కేంద్రం, జిల్లా ఆసుపత్రి మూడూ మా చేత అదే చరిత్ర మళ్లీ మళ్లీ చెప్పించకుండా, మా అనుమతితో ఒకే కేసు షీటు నడపాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ప్రతి క్లాసు గోడ మీదా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మూడు శాఖలూ మూడు సర్క్యులర్లు ఇస్తే ఒక్కటీ అమలు కాదని మా అనుభవం. కనుక సహశిక్షకుల ఎంపిక, వేతనం, పాఠ్యాంశాలను కలిపి ఒకే ఉమ్మడి ఉత్తర్వు ఇవ్వాలని, దాని ముసాయిదా రాసేటప్పుడే మా ప్రతినిధులను పిలవాలని, వచ్చే విద్యా సంవత్సరం టీచర్ల శిక్షణతో దీన్ని విశాఖ జిల్లాలో మొదలుపెట్టాలని ప్రార్థిస్తున్నాం. ఈ పత్రానికి లిఖితపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
మూడు జిల్లాల తల్లిదండ్రులు