తుఫాను కన్నా ముందే సర్వర్లు కదలాలి

ఉత్తరాంధ్ర ప్రజలకు, శాసనసభ్యులకు, ఐటీ శాఖ అధికారులకు విజ్ఞప్తి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. కరెంటు స్తంభాలు ఒరిగాయి, సెల్ టవర్లు మూగబోయాయి, ఊరు రోజుల తరబడి చీకట్లో మగ్గింది. అయితే అది చెప్పాపెట్టకుండా వచ్చిన తుఫాను కాదు. అది ఎటు వస్తోందో వాతావరణ శాఖ రోజుల ముందు నుంచే చెబుతూ వచ్చింది. అందుకే తీరంలోని జనాన్ని లక్షకు పైగా ముందుగానే తరలించగలిగాం. 1977లో దివిసీమ ఉప్పెన దాదాపు పదివేల మందిని మింగాక మన ప్రభుత్వ యంత్రాంగం నేర్చుకున్న పద్ధతి అది: తుఫాను కచ్చితంగా ఇక్కడే తీరం దాటుతుందని తేలేదాకా ఆగకుండా జనాన్ని కదిలించడం.

ఇప్పుడు అదే తీరానికి డేటా సెంటర్లు వస్తున్నాయి. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ హబ్ కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. రావాల్సిందే, మేం వద్దనడం లేదు. మేం అడిగేది ఒక్కటే. ప్రజాసేవలు నడిపే ప్రతి డేటా సెంటరు, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ముప్పును మెషిన్ లెర్నింగ్‌తో ముందే పసిగట్టాలి, అది ముంచుకొచ్చేలోపే పనిభారాన్ని మరో ఊరి సర్వర్ల మీదికి మార్చాలి. ఇది సంస్థల ఇష్టాయిష్టాలకు వదిలేసే విషయం కాదు, నిబంధన కావాలి.

ఇదేమీ గాలిలో మేడ కాదు. హార్డ్ డిస్కు చెడిపోయే ముందు చదవలేని సెక్టార్లు పెరుగుతాయి. బ్యాటరీ పాతబడేకొద్దీ దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. సర్వర్లను చల్లబరిచే చిల్లర్ అలసిపోతుంటే నీటి ఉష్ణోగ్రతలో తేడా కనిపిస్తుంది. వేల యంత్రాల నుంచి వచ్చే ఈ అంకెల్ని మనిషి కూర్చుని చూడలేడు, మెషిన్ లెర్నింగ్ మోడల్ చూడగలదు. వాటికి తుఫాను బులెటిన్లు, గ్రిడ్ వోల్టేజీ, జనరేటర్లలో మిగిలిన డీజిల్ లెక్క జోడిస్తే, రాబోయే గంటల్లో ఈ సెంటర్ నిలబడుతుందా లేదా అన్న అంచనా చేతికొస్తుంది. చెడిపోబోతున్న సర్వర్లను మోడల్ గుర్తించగానే వాటి మీది వర్చువల్ మెషిన్లను ఆపకుండానే వేరే సర్వరుకు మారుస్తున్నామని మైక్రోసాఫ్ట్ తన అజూర్ క్లౌడ్ సేవ గురించి 2018లోనే ప్రకటించింది.

ఒకే సెంటర్‌లో సర్వర్ నుంచి సర్వరుకు మార్చడం తేలిక. ఊరు మార్చడమే కష్టం. దక్షిణ కొరియాను చూడండి. 2025 సెప్టెంబరు 26న దేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలను తరలించే పని జరుగుతుండగా మంటలు లేచాయి. వారంటీ గడువు దాటిన బ్యాటరీలవి. 600కు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. అందులోని 858 టెరాబైట్లకు బయట ఎక్కడా కాపీ లేదు. సాంకేతికంగా ప్రపంచం మెచ్చే దేశంలో జరిగింది ఇది! బ్యాటరీ గదిలో పని మొదలుపెట్టడమే ఒక ముప్పు సంకేతం. ఆ పని మొదలయ్యేలోపే సేవలు వేరే చోటికి మారి ఉండాల్సింది.

ఇంకో లెక్క చెబుతాం. 858 టెరాబైట్లను సెకనుకు 10 గిగాబిట్ల లైను మీద పంపితే, ఆ లైను ఒక్క క్షణం కూడా ఆగకపోయినా, దాదాపు ఎనిమిది రోజులు పడుతుంది. హుద్‌హుద్ అక్టోబరు 8న తుఫానుగా మారి నాలుగు రోజుల్లో తీరం దాటింది. అంటే ముప్పు తెలిశాక డేటాను మోయడం కుదరదు. డేటా కాపీ అవతలి ఊళ్లో ఎప్పుడూ తాజాగా ఉండాలి, హెచ్చరిక రాగానే సేవ మాత్రం అక్కడి నుంచి నడవాలి. అన్నిటికీ ఒకేసారి ఇంత ఖర్చు పెట్టలేమంటారా? రేషన్, ఆరోగ్యశ్రీ, 108, భూమి రిజిస్ట్రేషన్లతో మొదలుపెట్టండి.

అవతలి ఊరంటే చెన్నై, భువనేశ్వర్ కాదు. 2016లో వర్దా, 2019లో ఫణి తుఫాన్లు ఆ ఊళ్లనూ వదల్లేదు. బంగాళాఖాతానికి దూరంగా అనంతపురమో హైదరాబాదో కావాలి. రాష్ట్రాలు రెండైనా ఈ విషయంలో ఒకరికొకరు చోటిచ్చుకోవచ్చు.

మోడల్ అన్నీ చెప్పేస్తుందని మేం నమ్మబలకం. గూగుల్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చెడిపోయిన డిస్కుల్లో మూడో వంతుకు పైగా ముందస్తు లోప సంకేతం ఒక్కటీ ఇవ్వలేదు. పైగా ఒక్క సెంటర్ అనుభవం మోడల్‌కు చాలదు. అందుకే ప్రభుత్వ భూమి, రాయితీలు పుచ్చుకునే ప్రతి సంస్థా తన వైఫల్యాల రికార్డును ఉమ్మడిగా పంచుకోవాలని షరతు పెట్టాలి. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ 2013 నుంచీ తన డిస్కుల లెక్కలు బహిరంగంగానే ఇస్తోంది. ఇతరులకు అభ్యంతరమేమిటి?

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి సంతకం. మోడల్ ఎర్రజెండా ఊపుతుంది, తీరా తుఫాను దారి మళ్లితే మాట పడేది ఎవరని ప్రతి అధికారీ పక్కవారి వైపు చూస్తాడు. అందుకే ముప్పు ఎంత దాటితే తరలించాలో ముందే రాతపూర్వకంగా ఖాయం చేయాలి. అది దాటగానే డ్యూటీలో ఉన్న ఇంజనీరే ఆదేశం ఇవ్వాలి. హెచ్చరిక తప్పిందని ఆయన మీద చర్య తీసుకోకూడదు. ఖాళీ చేయించిన ఊరికి ఉప్పెన రాలేదని కలెక్టరును ఎవరూ శిక్షించరు కదా.

ఈ వ్యవస్థకు ఏటా అక్టోబరులోపు ఒకసారి నిజమైన కసరత్తు చేయించాలి. అంటే విశాఖ సర్వర్లను ఆపి, సేవలు అవతలి నుంచి నడుస్తున్నాయో లేదో చూడాలి. ఫలితాలు ప్రజల ముందు పెట్టాలి. ఈ కరపత్రం చదివిన మీరు మీ ఎమ్మెల్యేను కలిసినప్పుడు అడగండి, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి: చివరి కసరత్తు ఏ తేదీన జరిగింది, రేషన్ సర్వర్ అవతలి ఊరి నుంచి పనిచేయడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? జవాబు రాతలోనే తీసుకోండి.