తీరం ఊళ్లో సదఖా బోరు వేయించే ముందు



గుజరిపోయిన అమ్మీ అబ్బాల ఈసాలె సవాబ్ కోసం ఊళ్లో బోరు వేయించడం మన ఖాందాన్‌లలో మంచి రివాజ్. దుబాయ్ నుంచో సౌదీ నుంచో పైసలు వస్తాయి, బోరు లారీ వస్తుంది, మోటారు బిగిస్తారు, పక్కన పేర్లతో చిన్న పలక పెడతారు. దాహంతో ఉన్నవాళ్లకి నీళ్లు తాగించడం పెద్ద సదఖా. ఆ నియ్యత్ మీద నాకు ఏ షక్కూ లేదు. నా గుజారిష్ ఒక్కటే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సముద్రతీరం ఊళ్లలో లోతు బోరు వేయించకండి. అవే పైసలతో అంతకన్నా మేలైన సదఖా చేయొచ్చు.

ఎందుకో చెప్తాను. శ్రీకాకుళం జిల్లాకి ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరానికి పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో ఇంకో 28 కిలోమీటర్లు. ఈ ఒడ్డున ఇసుక దిబ్బల్లో ఇంకిన వాన నీరే మీఠా పానీ. దాని కింద సముద్రం తాలూకు ఖారా పానీ ఉంటుంది. ఉప్పు నీరు బరువు, తీపి నీరు తేలిక. అందుకే తీపి నీరు పైన తేలుతుంది. ఖుర్ఆన్ చదివేవాళ్లకి ‘బర్జఖ్’ అనే లఫ్జ్ కొత్త కాదు. తీపి నీళ్లకీ ఉప్పు నీళ్లకీ నడుమ ఉండే అడ్డు అది. మన కాళ్ల కింద ఆ అడ్డు గోడలా గట్టిగా ఉండదు. తీపి నీటి మట్టం ఎంత ఎత్తున ఉందన్న దాని మీదే అది నిలబడుతుంది.

దీనికి ఇంజినీర్లు వందేళ్లకు పైగా వాడుతున్న హిసాబ్ ఉంది. సముద్ర మట్టం కన్నా నూతి నీరు 1 మీటరు ఎత్తున ఉంటే, సముద్ర మట్టం కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా తీపి నీరు ఉంటుంది. ఆ మట్టం అర మీటరు పడిపోతే, కింది నుంచి ఉప్పు నీరు 20 మీటర్లు పైకి వస్తుంది. రాతి నేలలో ఈ లెక్క కొంత మారుతుంది గానీ సంగతి అదే. మోటారు గట్టిగా లాగిన కొద్దీ సరిగ్గా బోరు కిందే ఉప్పు నీరు గుంబద్‌లా పైకి లేస్తుంది. అప్పుడు మనవాళ్లు ఏమంటారు? “నీళ్లు చప్పగా లేవు, ఇంకో వంద అడుగులు దింపండి” అంటారు. అలా దింపితే ఉప్పుకి ఇంకా దగ్గరవుతాం.

100 లీటర్ల మంచి నీళ్లలో 2 లీటర్ల సముద్రం నీళ్లు కలిస్తే చాలు, క్లోరైడ్ లీటరుకి 250 మిల్లీగ్రాములు దాటుతుంది. తాగే నీళ్లకి మన దేశ ప్రమాణం పెట్టిన మొదటి హద్దు అదే. ఒకసారి ఉప్పెక్కిన నేల మళ్లీ తీపెక్కడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా పైసలున్న ఇల్లు క్యాన్ నీళ్లు కొనుక్కుంటుంది. పది అడుగుల నేలనూతి మీద బతికే మత్స్యకారుల ఇల్లు ఏం చేయాలి? మన సవాబ్ బోరు వాళ్ల నూతిలో ఉప్పు పోస్తే, ఆ హక్కు ఎవరు అదా చేస్తారు?

ఫిఖ్‌హ్ కితాబుల్లో నుయ్యికి ‘హరీమ్’ అని ఒక హద్దు చెప్పారు. పాత నుయ్యికి నష్టం కలిగేంత దగ్గరలో ఇంకొకరు తవ్వకూడదని దాని మతలబ్. 2002 నాటి వాల్టా చట్టం కూడా ప్రజల తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపల ఇజాజత్ లేకుండా బావి, బోరు తవ్వొద్దంటుంది. సర్కారు చట్టం సరే, మన కితాబుల్లో ఉన్నదాన్నైనా పాటిద్దాం.

“మా ఒక్క బోరుతో ఏమవుతుంది, రొయ్యల చెరువుల్ని అడగండి” అనే దోస్తులున్నారు. అడగాల్సిందే. రొయ్యల చెరువుల వల్ల తీరం ఊళ్ల తాగునీరు ఉప్పెక్కుతోందన్న షికాయత్ 1996లోనే సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. గ్రామసభలో లేచి అడిగే జిమ్మేదారీ మనకీ ఉంది. కానీ మనమే మూడు వందల అడుగుల బోరు నడుపుతూ అడిగితే ఆ మాటకి వజన్ ఉండదు.

ఉద్దానంలో హిరమండలం నుంచి వంశధార నీటిని పైపుల్లో తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అక్కడి కిడ్నీ జబ్బుల సబబ్ ఇంకా తేలలేదు, దాన్నీ ఉప్పునీ కలిపి మాట్లాడటం లేదు. కానీ తాగే నీళ్లు నది నుంచి వస్తే భూమిలో నీటి మీద బోఝ్ తగ్గుతుంది. తీరం మండలాలన్నిటికీ ఇదే మేలైన దారి. కుళాయి వచ్చింది కదా అని ఉన్న నూతుల్ని చెత్తతో పూడ్చేయకండి.

మరి సదఖా ఎలా? హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని అందరికీ వక్ఫ్ చేశారు. ఆయన చేసింది ఉన్న బావిని అందరిదీ చేయడం. మనమూ ఊళ్లో పాత నుయ్యిని పూడిక తీయించి, ఒర కట్టించి, చేతి పంపు బిగించొచ్చు. ఒక్క లోతు బోరు కన్నా, దూరం దూరంగా ఉండి కొంచెం కొంచెం తోడుకునే నిస్సారు నూతులు తీరానికి మంచివి.

రెండోది, వాన నీరు. ఈ జిల్లాల్లో ఏటా 1,000 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల మసీదు కప్పు మీద అది లక్ష లీటర్లు. కొంత పోయినా 80,000 లీటర్లు ఇసుక, కంకర వేసిన ఇంకుడు గుంతలోకి పంపొచ్చు. వుజూ నీళ్లని కూడా డ్రైనేజీలో కలపకుండా కొబ్బరి మొక్కలకి మళ్లించండి. చెరువు పూడిక తీయించడం, గెడ్డకి చిన్న అడ్డుకట్ట వేయించడం ఊరంతా కలిస్తే అయ్యే పని. గుజరాత్‌లో సౌరాష్ట్ర తీరం వాళ్లు ఏరులు సముద్రంలో కలిసే చోట బంధారాలు కట్టి ఉప్పుని అడ్డుకునే పని 1970ల నుంచీ చేస్తున్నారు.

మసీదు కమిటీలకి ఒక మాట. టీడీఎస్ మీటర్ ఖరీదు కొన్ని వందల రూపాయలే. ప్రతి నెలా ఒకే రోజున నుయ్యి నీరు చూసి, ఆ అంకె గోడ మీద రాయండి. ఎండల్లో అంకె పెరుగుతూ పోతుంటే మోటారు వేసే గంటలు తగ్గించండి. దూరదేశం నుంచి పైసలు పంపే భాయీలు, బెహెన్‌లు ముందు జిల్లా భూగర్భజల శాఖ వాళ్లని అడిగించి, ఆ తర్వాతే పంపండి.

అల్లాహ్ మన సదఖాలని ఖుబూల్ చేయుగాక. ఆమీన్.