టేకు మీద మోజెందుకు?
చెరుకుపల్లి చుట్టుపక్కల ఎవరైనా స్క్రోల్ సా (సన్నటి బ్లేడుతో వంపులు కోసే రంపపు యంత్రం) కొంటే, ముందు వెతికేది టేకు పలక. నా మాట వింటే మానుకోండి. ద్వారబంధాలకు టేకును మించింది లేదు, నిజమే. కానీ అందులోని సిలికా సన్నటి బ్లేడు పదునును ఇట్టే తినేస్తుంది. ధర సంగతి సరేసరి! 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర, కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి వాడతారు. రెండూ మెత్తనివే, చేతి పనికి లొంగేవే. మనకు కోతమిల్లులో మిగిలే వేప, మామిడి ముక్కలు చాలు. అయితే మామిడికి పుచ్చు త్వరగా పడుతుంది, చిన్న చిల్లులుంటే వదిలేయండి. ఒకే రకం, ఒకే కొలత ముక్కలు రెండు చేతుల్లోకి తీసుకుని చూడండి. బరువైనది ఇంకా పచ్చిగా ఉందేమో అనుమానించాలి. నిజాంపట్నం తీరపు తేమగాలి తగిలే మన ఊళ్లలో పచ్చికర్ర నుంచి కోసిన పలుచటి పలక ఆరేకొద్దీ వంకర తిరుగుతుంది. పేర్లు, జాలీల్లాంటి సన్నపనికైతే 6 మి.మీ. ప్లైవుడ్డే నయం. పొరలు అడ్డంగా, నిలువుగా అతికి ఉంటాయి కాబట్టి సన్నటి కొసలు పుటుక్కున విరగవు. చౌక రకాల్లో లోపల ఖాళీలుంటాయి, కొనేముందు అంచు చూడండి. అన్నట్టు, టేకు కొనకుండా మిగిలిన డబ్బుల్లోనే మాస్కు కూడా కొనండి; వేప పొట్టు ముక్కుకు పడదు.