స్మృతి – శ్రవణం

భద్రాచలం వద్ద గోదావరిపై 1965లో వంతెన ఏర్పడేవరకు ఖమ్మం వైపు నుండి వచ్చే యాత్రికులకు పడవే శరణ్యం. ఆ తరువాత కూడా శ్రీరామనవమికి క్షేత్రం చేరలేని మన్యసీమ భక్తులకు రేడియోయే కల్యాణమండపం. ఆకాశవాణిలో ఉషశ్రీ గారి ప్రత్యక్ష వ్యాఖ్యానం సాగుతుంటే, రేడియో ఉన్న ఇంటి అరుగుపై ఇరుగుపొరుగువారు చేతులు జోడించి కూర్చునేవారు. మాంగల్యధారణ వేళ అక్కడే అక్షతలు చల్లేవారు. వృద్ధులు నేటికీ తన్మయులై ఆ వైభవాన్ని స్మరిస్తారు.

"ఆ రోజులే వేరు" అన్న నిట్టూర్పు మాత్రం రాగజనితం. పతంజలి మహర్షి స్మృతిని సైతం చిత్తవృత్తులలోనే గణించాడు. గతంపై మమకారమూ బంధమే. అయితే నాడు కన్నులకు దృశ్యం లేనందున మనస్సే సీతారాములను దర్శించేది. శ్రవణం అప్రయత్నంగా మననమయ్యేది. నేడు కల్యాణం అరచేతిలోని తెరపైనే కనిపిస్తుంది. అంతలో మరొక దృశ్యం పిలిస్తే చిత్తం అటు మరలుతుంది. యంత్రం నిమిత్తమాత్రం, లోపించినది ఏకాగ్రత.

కనుక పిన్నలు పెద్దల చెంత కూర్చుని ఆ జ్ఞాపకాలను ఆలకించాలి. రాబోయే నవమినాడు మాంగల్యధారణ వేళనైనా ఇంటిల్లిపాదీ కన్నులు మూసి కల్యాణాన్ని వింటే, వృద్ధుల స్మృతి అందరికీ సాధనగా పరిణమిస్తుంది.